పాదమునకు తగిన పాదరక్ష

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



ఇరువదియైదు వత్సరములు నిండిన సంస్థకు జరుపు రజతోత్సవమునకు ఆంగ్లమున సిల్వరు జూబిలీ యని పేరు. ఆ జూబిలీ శబ్దమును పేరుగా ధరించిన కొండలు హైదరాబాదు నగరమున గలవు. జూబిలీహిల్స్ అనగానే మనవారికి సినిమా తారల మేడలు తలపునకు వచ్చును. దాని నానుకొనియే ఫిల్మ్‌నగర్ వెలసినది. మదరాసున పుట్టి పెరిగిన తెలుగు చిత్రపరిశ్రమ క్రమముగా తరలివచ్చి ఈ గుట్టలమీద కాలు నిలద్రొక్కుకొన్నది. రామానాయుడు స్టూడియో, పద్మాలయా స్టూడియో ఇచ్చటనే నిర్మింపబడినవి.

అయితే ఆ మేడలక్రింద నున్న శిల సినిమాకన్న చాల ప్రాచీనమైనది. ఆ నల్లసేనపు రాతికి సుమారు 250 కోట్ల సంవత్సరముల ప్రాయమని భూగర్భశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఇండ్లకొరకు బండలు పగులగొట్టబడుచుండగా, వానిని కాపాడుటకై 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అను సంఘ మేర్పడినది. 1998లో చిరాన్ ప్యాలెస్ ఆవరణమున కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనము ప్రకటింపబడినది. ఆ చెంతనే ఖాజాగూడ గుట్టలమీద శిలారోహణము సాధనచేయువారు వ్రేళ్ళకొనలతోను, కాలికొనలతోను బండల నెక్కుచుందురు.

ఇట్లు ఒకే కొండప్రాంతమున రెండు విధములైన బూట్లు కానవచ్చుచున్నవి. మొదటిది వెండితెర బూటు. 1971లో కృష్ణ నటించిన మోసగాళ్ళకు మోసగాడు చిత్రమున గుఱ్ఱపురౌతు బూట్లను చూచి ఆనందింపని పల్లె లేదు. వేషమునకు తగిన బూటు కెమెరా కంటికి నచ్చిన చాలును. అది కాలికి బిగువైనను వదులైనను, దృశ్యము ముగిసిన వెంటనే విప్పివేయవచ్చును. రెండవది కొండనెక్కువాని బూటు. దానిని ఎవ్వరును చూడరు. మంచులో పూడుకొని, చీకటిలో నడచును. అది కంటికి నచ్చనక్కరలేదు, పాదమునకు అమరవలెను. అమరనియెడల దానిని విప్పివేయుటకు వీలులేని చోటనే ఆ సంగతి తెలియును.

పొలముదున్నుకొను మనకు పర్వతారోహణపు బూట్లతో నేమి పని యని కొందరు శంకింపవచ్చును. సమాధానము మన పల్లెలలోనే కలదు. నెల్లూరుజిల్లా గాంధీజనసంగమున 1974లో జన్మించిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను 172 దినములలో అధిరోహించి, 2015లో ఆండీసు పర్వతములలో అసువులు బాసెను. నిజామాబాదుజిల్లా పాకాల గ్రామపు గిరిజనబాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మముజిల్లా బాలుడు సాధనపల్లి ఆనందకుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరము నెక్కిరి. నాటికి పూర్ణ వయస్సు పదుమూడేండ్ల పదకొండు మాసములు. ఆ శిఖరము నెక్కిన బాలికలలో ఆమెయే మిక్కిలి పిన్నవయస్కురాలు. వీరిరువురును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. వీరి పేరు విన్న బాలబాలికలు నేడు గురుకులములలోను, కళాశాలలలోను కొండల నెక్కుటకు ముందుకు వచ్చుచున్నారు. రేపు మన యింటి బిడ్డయే సంచి భుజమునకు తగిలించుకొని బయలుదేరవచ్చును. ఆ బిడ్డ కాలికి తగిలించు బూటునుగూర్చి తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును కొంత తెలిసియుండుట మంచిది.

హిమాలయమునకు పోవువాని పాదములగూర్చి మన కవులు ఏనాడో తలపోసిరి. అల్లసాని పెద్దనామాత్యుని మనుచరిత్రమున ప్రవరుడు సిద్ధు డొసగిన పాదలేపము పూసికొని హిమగిరికి పోయెను. వినోదమంతయు చూచి మరలుదమని తలచునప్పటికి, మంచునీట ఆ లేపము కరగిపోయెను. ఇల్లు చేరు దారి మూసికొనిపోయెను. వరూధిని వృత్తాంతమునకు ఆకర మదియే. కావ్యరసము నటుంచి చూచినను అందు గట్టి లోకానుభవ మొకటి గలదు. మైదానమున పనికివచ్చిన పాదసాధనము మంచులో పనికిరాకపోవచ్చును. అది చెడినచో పోవుట కాదు, మరలివచ్చుటయే కష్టము. పర్వతప్రమాదములలో అనేకములు దిగునప్పుడే జరుగుచున్నవి.

1950లో జరిగిన యొక సంఘటన ఈ సత్యమునకు నిదర్శనము. జూబిలీహిల్స్ పొరుగున బంజారాహిల్స్‌లో అక్కినేని నాగేశ్వరరావు తన భార్య పేర 1976లో అన్నపూర్ణా స్టూడియో స్థాపించెను. అదే పేరుగల శిఖరము నేపాళమున 8,091 మీటర్ల ఎత్తున గలదు. 1950 జూన్ 3న ఫ్రెంచి దేశీయులైన మోరిస్ ఎర్జోగ్, లూయీ లాషెనాల్ దానిని అధిరోహించిరి. ఎనిమిదివేల మీటర్లకు మించిన శిఖరమును మానవు డెక్కుట అదియే ప్రథమము. వారి కాళ్ళకున్నవి ఒంటిపొర తోలుబూట్లు. దిగివచ్చి గుడారము చేరునప్పటికి లాషెనాల్ పాదములు గడ్డకట్టియుండెను.

మరునాటి యుదయమున తుపానులో క్రిందికి దిగవలసివచ్చినది. లాషెనాల్ పాదములు వాచి తన బూట్లలో దూరవాయెను. అప్పుడు లియోనెల్ టెర్రే అను సహచరుడు, రెండు కొలతలు పెద్దవైన తన బూట్ల నతని కొసగెను. ఆ చిన్నబూట్లలో తన కాళ్ళు పట్టుటకై వాని పైతోలును కత్తితో చీల్చి తాను తొడుగుకొనెను. నాటి రాత్రి నలువురును దారితప్పి మంచుబీటలో తలదాచుకొనిరి. వేకువజామున మంచు విరిగిపడి వారిని, వారి బూట్లను కప్పివేసెను. బూట్లు లేక కదలుటకు వీలులేదు. చేతులతో మంచును త్రవ్వి వెదకి, బూట్లు దొరకిన పిమ్మటనే వారు బయటపడిరి. తుదకు లాషెనాల్ కాలివ్రేళ్ళన్నియు తీసివేయవలసివచ్చెను. ఎర్జోగ్ కాలివ్రేళ్ళనే గాక చేతివ్రేళ్ళలో చాలభాగమును పోగొట్టుకొనెను. మిత్రునికొరకు తన బూట్ల నిచ్చుట యెంతటి త్యాగమో ఆ మంచు నెరిగినవారికే తెలియును.

మూడేండ్లకు, 1953 మే 29న, టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్టు నెక్కిరి. ఆ వేకువను హిల్లరీ మేల్కొని చూచునప్పటికి, రాత్రి విప్పియుంచిన అతని బూట్లు గడ్డకట్టి కొయ్యబారియుండెను. స్టవ్వు మంటపై వానిని మెత్తపరచుటకు రెండుగంటల కాలము పట్టెను. టెన్సింగ్ రాత్రి బూట్లు విప్పకయే నిద్రించెను. ఆ దళమునకై ఇంగ్లండున కెటరింగు పట్టణపు పాదరక్షల పరిశోధనాసంస్థ ప్రత్యేకమైన బూట్లను సిద్ధపరచినది. పలుచని మేకతోలు పొరల నడుమ వారు దట్టించిన పదార్థము తెల్లబూరుగు దూది. మన తలగడలలో దట్టించు బూరుగుదూదికి అది దగ్గరి చుట్టము. దూది వెచ్చదనమునకు కారణము అందు చిక్కుకొనియున్న గాలి.

ఇచ్చటనే బూటు కొలతకు మూలసూత్రము దొరకును. చలి సోకినప్పుడు దేహము గుండెను, మెదడును కాపాడుకొనుటకై అంచులకు పోవు రక్తమును తగ్గించును. కాలివ్రేళ్ళు గుండెకు మిక్కిలి దూరమున నున్నవి. ఎవరెస్టు శిఖరమున ప్రాణవాయువు సముద్రతీరమున దొరకుదానిలో మూడవవంతు మాత్రమే దొరకును గనుక ఆ రక్తమునకు బలమును తక్కువే. అట్టి సమయమున బూటు బిగువైనచో సన్నని రక్తనాళములు నొక్కుకొనిపోవును. మేజోడులోని గాలి నలిగి వెచ్చదనము నశించును. వ్రేలు మొదట చిమచిమలాడును, పిమ్మట స్పర్శ తప్పును. నొప్పి తగ్గినదని సంతోషించుట ప్రమాదము; ఆ నొప్పిలేమియే మంచుకాటునకు గుర్తు. వ్రేలు తెల్లనై గట్టిపడి, తుదకు నల్లబడును.

బిగువు హానికరమైనచో వదులు మేలని తలపరాదు. వదులు బూటులో మడమ లేచిపడుచుండును. ఆ ఒరపిడికి బొబ్బ లేచును. దిగునప్పుడు పాదము ముందునకు జారి వ్రేళ్ళు బూటుకొనకు తగిలి, గోళ్ళక్రింద రక్తము గూడుకట్టును. చెప్పులోని రాయిని వేమనయోగి భరింపరాని బాధలలో చేర్చెను. మన త్రోవలో చెప్పు విడిచి రాయి దులుపుకొనవచ్చును. మంచుగోడపై నిలిచినవానికి ఆ వీలు లేదు.

కనుక కొలత ముఖ్యము. కొలతల చరిత్ర విచిత్రమైనది. మన శాస్త్రములలో ఎనిమిది యవలు ఒక అంగుళము. ఆంగ్లేయులును యవధాన్యమునే గైకొని, మూడు గింజల పొడవు ఒక ఇంచి యనిరి. నేటికిని ఆంగ్లపు బూటులో ఒక సంఖ్యకును మరుసంఖ్యకును భేదము ఒక యవగింజయే. అనగా ఇంచిలో మూడవవంతు, సుమారు 8.5 మిల్లీమీటర్లు. ఫ్రెంచివారి సంఖ్యకు సెంటీమీటరులో మూడింట రెండువంతులు మాత్రమే భేదము. అందువలన ఆంగ్లసంఖ్య 8 గల బూటును, ఐరోపాసంఖ్య 42 గల బూటును సుమారుగ ఒక్కటే. సంఖ్యలు ఇట్లు భిన్నమైనవి. ఒకే సంఖ్యగల రెండు కర్మాగారముల బూట్లును సమముగ నుండవు. కాబట్టి సంఖ్యను నమ్మక, పాదమును మిల్లీమీటర్లలో కొలిచి వ్రాసికొనుట ఉత్తమము.

పాదమును కొలుచుటకు మన చెప్పులు కుట్టువారి పద్ధతియే చాలును. కాగితముమీద పాదము నుంచి, బరువంతయు దానిమీద మోపి నిలిచి, పెన్సిలును నిటారుగా పట్టి చుట్టును గీయవలెను. కూర్చుండి గీసిన పాదము నిలిచిన పాదముకన్న చిన్నది. మడమ కొసనుండి మిక్కిలి పొడవైన వ్రేలివరకు నొక కొలత. వ్రేళ్ళ మొదట వెడల్పైనచోట మరియొక కొలత. రెండు పాదములను కొలువవలెను. పెక్కుమందికి అవి సమముగ నుండవు. పెద్దపాదమునకు తగినట్లు బూటు తీసికొని, చిన్నపాదమునకు మేజోడుతోనో లోపలి మెత్తతోనో సర్దుకొనవలెను. ఉదయమున గాక సాయంకాలమున కొలువవలెను. దినమంతయు నడచిన పాదము కొంత ఉబ్బును. కొండమీదను అట్లే ఉబ్బును.

వెడల్పు విషయమున మనవారు మరింత జాగరూకులై యుండవలెను. చెప్పులు లేక పెరిగిన పాదము ముందుభాగమున విచ్చుకొని వెడల్పుగా నుండునని, దక్షిణభారతీయుల పాదములను పరీక్షించి 2009లో ప్రకటించిన పరిశోధన తెలుపుచున్నది. పొలముగట్లమీద పెరిగిన బిడ్డ పాదమును, చిన్ననాటినుండి బూట్లు తొడిగిన ఐరోపావాసి పాదమునకై చేసిన మూసలో తయారైన బూటులో దూర్చినచో పొడవు సరిపోయినను చిటికెనవ్రేలు నలిగిపోవును. అప్పుడు పొడవైన బూటు తీసికొనుట మందు కాదు. వెడల్పైన మూసలో చేసిన మరియొక బూటును వెదకవలెను.

బూటును చూచునప్పుడు పాటింపవలసిన పరీక్షలు కొన్ని గలవు. కొండమీద తొడుగబోవు మేజోళ్ళనే తొడిగి చూడవలెను. పలుచని నూలుమేజోడుతో సరిపోయిన బూటు దళసరి ఉన్నిమేజోడుతో బిగువగును. మొదట బూటులోని మెత్తను వెలుపలికి తీసి దానిపై నిలువవలెను. వ్రేళ్ళు దాని అంచులను దాటరాదు. ముందు వ్రేలెడు వెడల్పు చోటు మిగులవలెను. తరువాత లేసులు కట్టక బూటు తొడిగి, వ్రేళ్ళు కొనకు తగులునట్లు పాదమును ముందునకు నెట్టి, మడమవెనుక చూపుడువ్రేలు దూర్చవలెను. వ్రేలొక్కటి సులువుగ దూరిన మేలు. దూరకున్న చిన్నది, రెండువ్రేళ్ళు దూరిన పెద్దది.

పిమ్మట మడమను వెనుకకు తట్టి, లేసులు బిగించి, లోపల వ్రేళ్ళను కదలింపవలెను. అవి స్వేచ్ఛగా కదలనియెడల ఆ బూటు ఎంతటి వెలగలదైనను వదలివేయవలెను. తుదిపరీక్ష వాలుమీద. జూబిలీహిల్స్ వీధులలో ఎగుడుదిగుడులకు కొదవలేదు. మనకు చెరువుగట్టు గలదు. కాని కొన్న వెంటనే మట్టిలో నడచినచో దుకాణదారుడు మరల తీసికొనడు. కనుక మొదట ఇంటిలోనే మెట్లమీద ఎక్కి దిగి, పలుమార్లు చూచుకొనవలెను. ఎక్కునప్పుడు మడమ ఏమాత్రమో తప్ప లేవరాదు. దిగునప్పుడు వ్రేళ్ళు కొనకు తగులరాదు. దిగుటకు ముందు చీలమండకడ లేసులను మరియొకసారి బిగించుట అలవరచుకొనవలెను.

ఏ పనికి ఆ బూటు. నల్లసేనపు బండ నెక్కువారి చెప్పు మెత్తని రబ్బరు అడుగుతో, వ్రేళ్ళకు అంటుకొనియుండునంత బిగువుగా నుండును. అది కొద్దిసేపటి పనికే. రోజంతయు నడచుటకు కొంత వంగునట్టి, చీలమండను పట్టియుంచునట్టి బూటు కావలెను. మంచుగడ్డపై నడచుటకు ఇనుపకోరలుగల క్రాంపాన్లను బూటుకు బిగింతురు. అడుగు వంగినచో క్రాంపాను ఊడిపోవును గనుక గట్టి అడుగు కావలెను. అత్యున్నత శిఖరములకు, బూటులో బూటు, అనగా రెండుపొరల బూటు కావలెను. లోపలిబూటును విప్పి నిద్రసంచిలో నుంచుకొన్నచో హిల్లరీకి కలిగిన అవస్థ కలుగదు. రబ్బరు అడుగునకును ఒక దుఃఖకథ గలదు. 1935లో ఆల్ప్సు పర్వతములలో తగిన పాదరక్షలు లేక ఆరుగురు మరణింపగా, వారి మిత్రుడు విటాలే బ్రామాని అను ఇటలీ దేశీయుడు మంచును, రాతిని గూడ పట్టుకొను గాడులుగల రబ్బరు అడుగును 1937లో తయారుచేసెను. అతని నామమునుండి పుట్టిన విబ్రామ్ అను ముద్ర నేటికిని పెక్కుబూట్ల అడుగున కానవచ్చును.

పూర్ణ, ఆనందకుమార్ శిక్షణక్రమము చూచినను ఈ భేదము స్పష్టమగును. వారు మొదట భువనగిరి కోటగల ఏకశిలపై రాతినెక్కుట నేర్చిరి. పిదప 1954లో స్థాపింపబడిన డార్జిలింగు హిమాలయ పర్వతారోహణ సంస్థలో మంచునడక నేర్చిరి. భువనగిరి యెండలో కాలిన రాతిమీద నేర్చిన పాదము, ఎవరెస్టు మంచుమీద వేరొక బూటులో నడక నేర్చుకొనవలసివచ్చినది. ఆ అలవాటు ఒకనాటిలో రాదు. క్రొత్తబూటును యాత్రకు కొన్ని వారములముందే కొని, మొదట అరగంట, పిదప గంట, తరువాత బరువు మోయుచు పూట, ఇట్లు క్రమముగ నడచి మచ్చిక చేసికొనవలెను.

తలిదండ్రులకు రెండు హెచ్చరికలు. పెరిగెడు కాలు గదాయని బిడ్డలకు ఒకటి రెండు సంఖ్యలు పెద్దవైన జోళ్ళు కొనుట మన యిండ్ల వాడుక. బడికి పోవు జోళ్ళకు దానివలన నష్టము కొంచెము. కొండబూటునకు ఆ పొదుపు పనికిరాదు. పెరిగెడు బిడ్డకు యాత్రకు దగ్గరలోనే మరల కొలిచి బూటు తీసికొనవలెను. రెండవది, ఈ బూట్లు మిక్కిలి ఖరీదైనవి గనుక అద్దెకో, ఎరవుకో తీసికొనుట తప్పు కాదు. కాని ఎరవుబూటును గూడ పైపరీక్షలన్నిటికిని గురిచేయవలెను. అన్న తొడిగి శిఖర మెక్కిన బూటైనను తమ్ముని కాలికి తగకున్న తొడుగరాదు. ఊరివారు, బడివారు, దాతలు సన్మానించి కానుకగా నొసగిన బూటైనను అంతే. మొగమాటమునకు శాలువ కప్పుకొనవచ్చును గాని బూటు తొడుగరాదు. బాలుడు, బాలిక నోరువిప్పి, ఇది నాకు బిగువని చెప్పుటకు భయపడకుండునట్లు పెద్దలు నడచుకొనవలెను. బిగువని చెప్పినవానిని అశక్తుడని హేళన చేయరాదు. ఆ మాట వాని కాలివ్రేళ్ళను కాపాడవచ్చును.

గొలుసు కొలతలో లింకు తప్పినచో పొలిమేర తగవు వచ్చును. మరల గొలుసు లాగి సరిచేసికొనవచ్చును. పద్దులో అంకె తప్పినచో ఎఱ్ఱసిరాతో దిద్దవచ్చును. బూటు కొలత తప్పి తీసివేసిన వ్రేలు మరల మొలవదు. కనుక మన బడినుండి ఏ బిడ్డయైనను కొండలకు బయలుదేరునప్పుడు, సంచిలో సామానుల పట్టికతోపాటు ఒక కాగితమును పంపుదుము గాక. అందు సాయంకాలమున నిలిచి గీసిన రెండు పాదముల రేఖలు, నాలుగు కొలతలు, కొలిచిన తేది యుండవలెను. బూటు నొసగువారు ఆ కాగితమును చూచి ఒసగవలెను. దాని ప్రతి యొకటి బడిలో నుండవలెను. బిడ్డ మరుసటి యేట మరల బయలుదేరినచో పాతకాగితమును నమ్మక మరల గీయవలెను.